నేను లేని గంట మా సదస్సు నడిపిందెవరు?

దయ్యాలన్నా జిన్నులన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఖమ్మంలో మాది బట్టల దుకాణం ఉన్న ఇల్లు. దుకాణం మూశాక మా దాదీ, అదే నాయనమ్మ, జిన్నుల కథలు చెబుతుంటే, మధ్యలో అడ్డమైన ప్రశ్నలన్నీ వేసి ఆమెను ఏడిపించేదాన్ని. తర్వాత బాటనీ చదివి, భద్రాచలంలో ఒక డిగ్రీ కాలేజీలో అదే పాఠం చెప్పుకుంటున్నాను. ఆకు తుంచి భూతద్దం కింద పెట్టి చూస్తే తప్ప దేన్నీ ఒప్పుకోని మనిషిని. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే ఇదంతా చదివాక నన్ను వేరే లెక్కలో వేసేస్తారు.

నేను చదివిందీ ఈ కాలేజీలోనే. నాకు పాఠం చెప్పిన నర్సయ్య సార్‌ది వేంసూరు దగ్గర చిన్న పల్లె. ఆయన క్లాసులో పేర్లు పిలిచి హాజరు వేసేవారు కాదు. ఒక్కొక్కరినీ లేపి "పొద్దున ఏం తిన్నవ్?" అని అడిగేవారు. జొన్నరొట్టె అంటే జొన్నది ఏ మొక్కల కుటుంబం, చింతపండు పులుసు అంటే చింతచెట్టుకూ చిక్కుడు తీగకూ ఉన్న చుట్టరికం ఏమిటి, అలా పాఠం మొదలయ్యేది. అడవి పల్లెల నుంచి ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు ఆ ప్రశ్నకు దొరికిపోయేవారు. వాళ్ళను ముందు క్యాంటీన్‌కు పంపేవారు. పరీక్ష రోజుల్లో భయంతో ముద్ద మింగుడుపడక అలాగే వచ్చేసే నేనూ చాలాసార్లు దొరికాను.

సార్ పోయి కొన్నేళ్ళయింది. ఆయన అడవంతా తిరిగి తెచ్చి, ఎండబెట్టి, అట్టలకు కుట్టిన మొక్కలు డిపార్ట్‌మెంట్ వెనక గదిలో ఉన్నాయి. ఆ గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

మా ప్రిన్సిపాల్ గారికి ఆ గది కంప్యూటర్ ల్యాబ్ కోసం కావాలి. ఎండుకొమ్మలకు గది ఎందుకని ఆయన వాదన. ఆ మొక్కలతో ఇంకా పని ఉందని చూపించడానికి అడవి తిండి మొక్కల మీద ఆన్‌లైన్ సదస్సు పెడతానన్నాను.

"పోయినేడు పెట్టినం కదమ్మా ఒకటి," అన్నారాయన. "పొద్దున స్క్రీన్ నిండ పేర్లు. భోజనాల టైముకు పేర్లున్నయ్ గని మనుషుల్లేరు. ఈసారి గూడ గట్లనే అయితే గది ఖాళీ చెయ్యాలె."

ఆయన అన్నది అబద్ధమేం కాదు. ఆన్‌లైన్ సదస్సు అంటే లింకు నొక్కి, మైకూ కెమెరా మూసేసి, కూరగాయలకు పోయేవాళ్ళే ఎక్కువ. సరిగ్గా ఫీడ్‌బ్యాక్ లింకు వచ్చే వేళకు తిరిగొచ్చి, 'ఎక్సలెంట్' అని టిక్కు పెట్టి, సర్టిఫికెట్ దింపుకుంటారు. మా స్టాఫ్‌రూంలో అలాంటి సర్టిఫికెట్లు లేని బీరువా లేదు. అందుకే ఈసారి మనుషులు నిలబడాలి, మాట్లాడాలి. లేకపోతే సార్ మొక్కలు అట్టపెట్టెల్లోకి, అక్కడి నుంచి చెదల నోట్లోకి పోతాయి.

సదస్సు రోజు ఒకటే వాన. గోదావరి పెరుగుతోందని కాలేజీలకు సెలవిచ్చారు. నేను కిరాయి ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మొదటి ప్రసంగం సగమైనా కాకుండానే కెమెరాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే చప్పుడు లేదు. నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడే కరెంటు పోయింది. ఆ వెంటనే ఫోన్‌లో సిగ్నల్ కూడా పోయింది.

సదస్సు నడిపేది నేనొక్కదాన్నే. నాతో పని చేసే శ్రీనివాస్ సొంతూరు ఎర్రుపాలెం వెళ్ళి అక్కడి నుంచి చూస్తున్నాడు కానీ, అతనికి ఏ బాధ్యతా అప్పగించలేదు. రెయిన్‌కోటు తగిలించుకుని స్కూటీ మీద సిగ్నల్ వెతుక్కుంటూ బయల్దేరాను. ఎన్ని వీధులు తిరిగినా ఫోన్ పలకలేదు. ఏడుపొచ్చింది. గది దక్కించలేకపోయాను సార్ అని మనసులో చెప్పుకున్నాను కూడా. చివరికి బస్టాండు దగ్గర ఒక టీ కొట్టు రేకుల కింద సిగ్నల్ దొరికింది. అప్పటికి గంట దాటిపోయింది.

ఖాళీ తెర చూడటానికి సిద్ధపడే లింకు నొక్కాను. తెర నిండా ముఖాలు. అందరి కెమెరాలూ వెలుగుతున్నాయి. ఒకాయన పళ్ళెంలో రాగిసంకటి చూపిస్తున్నాడు. ఒడిశా నుంచి చేరిన అమ్మాయి ఏదో దుంప పైకెత్తి పట్టుకుంది. పేపర్లు చదవాల్సిన వాళ్ళు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ నవ్వుకుంటున్నారు. ఎవరూ వెళ్ళిపోలేదు సరికదా, పొద్దున రాని వాళ్ళు కూడా వచ్చి చేరారు.

సదస్సు అధ్యక్షురాలు విశాఖలో ఉండే రిటైర్డ్ ప్రొఫెసర్ సుభద్ర గారు. నన్ను చూడగానే, "వచ్చారా షాహీన్ గారూ, ముందు మీరేం తిన్నారో చెప్పండి. మీరొక్కరే మిగిలారు," అన్నారు.

ఏమీ తినలేదన్నాను. తెర మీద అందరూ ఒక్కసారే గోల చేశారు. టీ కొట్టాయన దగ్గర బన్ను తీసుకుని వాళ్ళందరి ముందే తిన్నాను. గోధుమ ఏ కుటుంబమో చెప్పేదాకా ఎవరూ ఊరుకోలేదు. ఇదంతా సుభద్ర గారి చలవే అనుకుని, ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు పొంగుతుంది. ప్రతి పేపరుకూ ప్రశ్నలే. ఇప్పపువ్వు మీద మాట్లాడిన కుర్రాడిని సమయం అయిపోయినా వదల్లేదు. సర్టిఫికెట్ల లింకు పెట్టాక కూడా చాలామంది కబుర్లాడుకుంటూ ఉండిపోయారు.

అంతా అయ్యాక శ్రీనివాస్ ఫోన్ చేశాడు. "ఆ పెద్దసార్‌ను ఏడికెల్లి పట్టుకొచ్చిండ్రు మేడం? మస్తు నడిపిండు," అన్నాడు.

ఏ పెద్దసార్ అని అడిగాను.

"అదే, తెర మీద బాటనీ డిపార్ట్‌మెంట్ అని పేరున్నది కద. కెమెరా పెట్టలే, ఉత్త గొంతే. మీ నెట్టు పోంగనే ఒక్కొక్కల్ని పేరు పెట్టి పిలిచి, పొద్దున ఏం తిన్నరని అడిగిండు. ఆడికెల్లి వాళ్ళ వాళ్ళ పేపర్లకు తీస్కపోయిండు. ఇగ కెమెరా మూసేటోడే లేడు."

శ్రీనివాస్ మా కాలేజీకి కొత్త. నర్సయ్య సార్ గొంతు అతనెప్పుడూ వినలేదు.

బాటనీ డిపార్ట్‌మెంట్ అన్నది సార్ మొక్కల గదిలో ఉన్న పాత కంప్యూటర్‌తో చేరితే తెర మీద వచ్చే పేరు. ముందు రోజు సాయంత్రం దాంట్లోంచి లింకు పని చేస్తుందో లేదో చూశాను. తర్వాత ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేసి, వైరు చుట్టి బల్ల మీద పెట్టి, గదికి తాళం వేసి వచ్చాను. ఆ మాట గుర్తు రాగానే వెలుతురు ఉండగానే కాలేజీకి వెళ్ళాను.

"పొద్దుగాల్నుంచి గేటే తీయలే మేడం. కరెంటు గూడ లేకపాయె, ఎవలొస్తరు?" అన్నాడు వాచ్‌మన్ లచ్చయ్య. తాళం నేను వేసినట్టే ఉంది. వైరు చుట్టినది చుట్టినట్టే బల్ల మీద ఉంది. కంప్యూటర్ మీది గుడ్డ కూడా కదల్లేదు.

ఆ లింకు చాలామంది దగ్గర ఉంది. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకే నాకు తెలిసిన సార్ పాత విద్యార్థులందరినీ అడిగాను. అందరూ తాము కాదన్నారు. రికార్డింగ్ నా నెట్టుతో పాటే ఆగిపోయింది. శ్రీనివాస్ దాచిన చాట్‌లో మాత్రం ఉప్మా, జొన్నరొట్టె, నిన్నటి చద్దన్నం అంటూ జవాబులున్నాయి. నోటితో అడిగింది కాబట్టి ప్రశ్న మాత్రం అందులో లేదు.

ఫీడ్‌బ్యాక్‌లో ఎప్పుడూ టిక్కు పెట్టి పోయేవాళ్ళు ఈసారి పేరాలకు పేరాలు రాశారు. తమను ఒక సదస్సులో ఇలా పేరు పెట్టి పిలిచిన వాళ్ళే లేరని ఒకరు రాశారు. ప్రిన్సిపాల్ గారు వాటిని స్టాఫ్ మీటింగులో స్వయంగా చదివి వినిపించారు. ఆయన చదువుతున్నంతసేపూ నేను తల ఎత్తుకునే కూర్చున్నాను.

"గది మీరే ఉంచుకోండ్రి," అన్నారు చివరికి. "గని వచ్చేయేడు గూడ ఆ పెద్దసార్‌నే పిలువుండ్రి."

అలాగేనండి అన్నాను. ఆ సాయంత్రం గది కిటికీలన్నీ తెరిచి, సార్ అట్టలన్నీ తుడిచి, తలుపు మీద ఆయన పేరు రాయించమని పెయింటర్‌కు చెప్పి వచ్చాను. ఇంత సంతోషం నా ఉద్యోగంలో ఎన్నడూ లేదు.

ఆ తర్వాతి వారం సుభద్ర గారు ఫోన్ చేశారు. మా కాలేజీ మొహం కూడా చూడని మనిషి. నర్సయ్య సార్ అని ఒకాయన ఉండేవారని కూడా ఆమెకు తెలియదు.

"ఆ రోజు సదస్సు నడిపిన మీ సార్ మాట ఒకటి మీకు చెప్పడం మర్చిపోయానండీ," అన్నారు. "మీరు రాకముందు చివరగా అన్నారు. ఆయన యాస భలే ఉందని రాసి పెట్టుకున్నాను. 'మా షాహీన్ భయమైతే తినది. రాంగనే అడుగుండ్రి. తినేదాక ఇడువకుండ్రి' అన్నారు."

ఆ మాటలు ఇంకోసారి చదవమన్నాను. ఆమె చదువుతుంటే నేనూ రాసి పెట్టుకున్నాను.

ఆ గంటసేపు మాట్లాడింది ఎవరో నేను ఇప్పటికీ తేల్చలేకపోయాను. దయ్యాల మీద నమ్మకం లేదన్న మాట కూడా వెనక్కి తీసుకోలేదు. కానీ సదస్సు ఉన్న రోజు మాత్రం కడుపు నిండా తినే కూర్చుంటున్నాను. సార్ అడిగితే చెప్పాలి కదా.