తుపాకిలో కొత్త స్ప్రింగు

ఆ రోజు ఏలూరు కోర్టు హాల్లో ఉన్నవాళ్లు: జడ్జిగారు, గుమాస్తా, ప్రభుత్వం తరఫు లాయరు, మా లాయరు, మామయ్య, అత్తయ్య, నేను. బల్ల మీద ఉన్నవి: చీటీ కట్టిన తుపాకి, లామినేషన్ చేయించిన లైసెన్సు, ల్యాబ్ రిపోర్టు.

నేరం రుజువైందని జడ్జిగారు పొద్దున్నే చెప్పేశారు. శిక్ష ఎంతన్నది భోజనాల తర్వాత. తాడేపల్లిగూడెం నుంచి మొదటి బస్సుకు వచ్చిన నేను అప్పటిదాకా వరండాలో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుస్తూనే ఉన్నాను.

తుపాకి తాతయ్యది, మందు దట్టించి పేల్చే పాతకాలం రకం. కొల్లేటి అంచున ఉన్న మా చేపల చెరువు మీద నీటికాకులు చేపల కోసం గుంపుగా దిగితే, గుళ్లు వేయకుండా గాలిలోకి పేల్చేవాళ్లు. తాతయ్య పోయాక చెరువు పాస్‌బుక్కులో మామయ్య పేరెక్కింది. లైసెన్సు కూడా అలాగే తనకు వచ్చేసిందనుకున్నాడు. తడవకుండా లామినేషన్ చేయించి గట్టు మీది పాకలో మేకుకు తగిలించాడు. తనిఖీకి వచ్చిన ఎస్సైగారికి దాన్ని తీసి చూపించింది కూడా మామయ్యే.

లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటే రెండేళ్లకు తగ్గకుండా జైలు. ప్రత్యేకమైన, తగిన కారణాలుంటే వాటిని తీర్పులో రాసి, జడ్జి అంతకన్నా తగ్గించవచ్చు. ఆ కారణాలు లాయరుగారు నన్ను రాసిమ్మన్నారు. ఆరు రాశాను.

"ఆరోది మీరే కొట్టేశారేంటండీ?" అన్నారు లాయరుగారు కాగితం చూసి.

"అది నిలబడదండి."

ఆరోది: తుపాకి పాతది, సరిగా పనిచేయదు. పనిచేసేది కాదు, నిజమే. రెండేళ్ల కిందట సెలవులకు వెళ్లినప్పుడు దాని స్ప్రింగు నేనే మార్చాను. మెకానికల్ డిప్లొమా కొత్తగా చేతికొచ్చి, ఏది చెడిపోయి ఉన్నా చూడలేని రోజులవి. ల్యాబ్ రిపోర్టులో రెండు ముక్కలున్నాయి: పనిచేసే స్థితిలో ఉంది, స్ప్రింగు కొత్తది.

"ఏవండీ, నీటికాకుల సంగతి మొదలెట్టకండి. మీకు సాయంత్రం అయిపోద్ది, జడ్జమ్మగారికి విసుగొస్తది," అంది అత్తయ్య.

"అడిగితే చెప్పొద్దేంటి మరి?" అన్నాడు మామయ్య.

లోపల జడ్జిగారు అడిగారు. "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటారా?"

"ఒక్క పిట్టక్కూడా దెబ్బ తగలనివ్వలేదండి. శబ్దానికేనండి."

"మరి ఈ కొత్త స్ప్రింగు ఎవరు వేశారు?"

ఊగుతున్న నా మోకాలు ఆగింది. మామయ్య వెనక్కి తిరగలేదు.

"నేనేనండి."

టార్చిలైట్లో బ్యాటరీలు తిరగేసి పెట్టే మనిషి. అత్తయ్య నా మోచేయి గట్టిగా పట్టుకుని, "కూర్చో," అంది పెదవులు కదలకుండా. నేను లేవబోతున్నానని అనుకుంది. నేను లేవబోవడం లేదు.

జడ్జిగారు కారణాలు చదివారు. వయసు, పాత కేసులు లేకపోవడం, ఎవరికీ గాయం కాకపోవడం, గుళ్లు వాడకపోవడం, ఏదీ దాచకపోవడం. నా కాగితంలోని అయిదూ వరసగా వచ్చాయి. అందుకే రెండేళ్లకు లోపు. తుపాకి పనిచేస్తోంది, ముద్దాయే దాన్ని బాగుచేసుకుని వాడాడు. అందుకే జైలు తప్పదు.

ఎనిమిది నెలలు. రిమాండులో గడిచిన పదకొండు రోజులు అందులోంచి తీసేస్తారు.