పళ్లెం తిరిగి వెళ్లిన రోజు

కడంబత్తూరు జీవిత పనిలో తల దూర్చిందంటే ఇల్లు తగలబడినా తెలియదు. చెన్నైలో మందుల ప్రయోగాల లెక్కలు చూసే కంపెనీలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆర్ అనే గణాంకాల కంప్యూటరు భాషలో ఫంక్షన్లు, అంటే లెక్క కట్టే చిన్న ప్రోగ్రాములు, వాటితోనే మరిన్ని ఫంక్షన్లను పుట్టించే పెద్ద విద్య నేర్చి, పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఖాయమవుతుంది. నేర్పే భారం, చెన్నైలోనే కంప్యూటరు పని చేసే మేనత్త కొడుకు కోదండరామ నెత్తిన వేసుకున్నాడు. అతను తిరుత్తణిలో రైలెక్కేవాడు, ఆమె కడంబత్తూరులో. అక్కడి నుంచి చెన్నై దాకా ఆ రైలు పెట్టే బడి.

ఒకనాడు ఆమె మందు ప్రయోగం జరిగే ఊరికొక ఫంక్షన్ తయారయ్యేలా రాసింది. ఏ ఊరి లెక్క ఆ ఊరికి రావాలి. తీరా చూస్తే, ఏ ఊరిని అడిగినా చివరి ఊరి లెక్కే చెప్పింది. జీవితకు ఏడుపొచ్చింది. కోదండరామ నవ్వాడు.

"ఆర్‌ది సోమరి బుద్ధి జీవితా. నువ్విచ్చిన విలువను అప్పుడే చూడదు, పని పడినప్పుడు చూస్తాది. ఆలోగా అది మారిపోయింటాది. ఫోర్స్ అని రాసి, అప్పుడే పట్టుకోమని చెప్పాల."

ఆ ఒక్క మాట చేర్చగానే ఊళ్లన్నీ ఎవరి లెక్క అవి చెప్పాయి. ఆ సంతోషంలో అతని భుజం మీద ఒక్కటి చరిచింది. అతనంటే ఆమెకు ప్రాణం. ఆ సంగతి చెప్పాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. రోజూ పక్కన కూర్చునే మనిషికి వేరే చెప్పేదేముంది అనుకుంది.

పరీక్ష ముందు ఆదివారం మేనత్త వరదమ్మ తమలపాకులు, అరటిపళ్లు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. వాళ్ల ఇళ్లలో కొడుక్కి బయట సంబంధం చూసేముందు మేనకోడలి ఇంట్లో అడగడం ఆచారం. పళ్లెం అందుకుంటే మేనరికానికి ఒప్పుకున్నట్టు, నిండుగా తిరిగి వెళితే కాదన్నట్టు. తమిళంలో చదివి కంప్యూటరుతో బతికే పిల్లకు ఇవన్నీ ఎవరు నేర్పారు గనక? తల్లి అలిమేలమ్మ గదిలోకి వచ్చి, "అత్త బావ కోసరం అడుగుతాంది. ఏం చెప్పమంటావు మే?" అంది.

"పరీక్ష కానీమ్మా, తర్వాత చూసుకుందాం," అంది జీవిత, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

కూతురికి ఇష్టం లేదనుకుంది అలిమేలమ్మ. పళ్లెం నిండుగానే తిరుత్తణికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి కోదండరామ షిఫ్టు మారిందని చెప్పి వేరే రైలు పట్టాడు. అదీ నిజమే అనుకుంది జీవిత, వెర్రితల్లి.

ఉద్యోగం ఖాయమైన రోజు ఆఫీసు నుంచి నేరుగా తిరుత్తణి వెళ్లింది, ముందు బావకే చెప్పాలని. లోపల చిత్తూరు నుంచి వచ్చిన వియ్యాలవారు తాంబూలాలు పుచ్చుకుని లేస్తున్నారు. కోదండరామ ఆమెను పక్కకు పిలిచాడు.

"అమ్మకు మొదట్నుంచీ బయటి సంబంధమే ఇష్టం. నేనే పట్టుబట్టి మీ ఇంటికి పంపిస్తిని. వద్దనుకుంటే నాతోనే చెప్పుండొచ్చు గదా?"

"నేను వద్దనలేదు బావా."

అతను వెనక్కి తిరిగి, లోపలి చిత్తూరు వాళ్ల వైపు చూశాడు.

"మాటిచ్చేసినాం జీవితా," అన్నాడు.

తిరుగు రైల్లో ఆమె సిగ్గు విడిచి ఏడ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఏమైందమ్మా అని తమిళంలో అడిగింది. పరీక్ష పాసయ్యానని చెప్పింది జీవిత.