పాయింట్ టూ టూ డాక్టరు గారు

మా పక్క పొలం డాక్టరు గారు పోయారు. పొద్దున్నే వాళ్లావిడ ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అన్నారు. ఆవిణ్ణి మేం పిన్నిగారు అంటాం. బీర పాదుల దగ్గర ఉన్నదాన్ని మట్టి చేతులతోనే వాళ్లింటికి పరిగెత్తాను.

ఆయన పశువుల డాక్టరు. రిటైరయ్యాక ఇక్కడ కెనడాలో, ఒషావా ఊరికి ఉత్తరాన స్థిరపడ్డారు. మేం ఏజాక్స్‌లో ఇల్లమ్మి, ఆయన పక్కనే నేల కొని కోళ్లూ కూరగాయలూ మొదలుపెట్టాం. మొదటి వేసవిలో బీర పిందె పడుతోందనగా గ్రౌండ్‌హాగ్ వచ్చి మొదలంటా కొరికేసింది. పందికొక్కుకి పెద్దన్న లాంటిదది. కోళ్ల షెడ్‌లో ఎలుకల గోల వేరే. మా ఆయన మందు పెడదామన్నాడు.

"మందు తిన్న ఎలుకని మీ కుక్క తింటే నా దగ్గరికే తెస్తారు. నేను రిటైరయ్యానయ్యా" అన్నారు డాక్టరు గారు.

సరే, ఎయిర్ రైఫిల్ కొందామనుకున్నాం. మన బుద్ధి తెలిసిందేగా, పిల్లాడికి చొక్కా కొన్నా ఎదుగుతాడులే అని రెండు సైజులు పెద్దది తీసుకుంటాం. నేనూ అలాగే పెద్ద గుండుది, పాయింట్ టూ ఫైవ్ కావాలన్నాను. డాక్టరు గారు నన్ను షెడ్‌లోకి తీసుకెళ్లి రేకు గోడ మీద తట్టారు.

"ఇక్కడ గురి తప్పితే ఈ రేకుని చీల్చుకుపోతుందమ్మాయ్. అవతల నీ కోళ్లే."

"పోనీ చిన్నది, పాయింట్ వన్ సెవెన్ సెవెన్?"

"ఎలుకకి చాలు. గ్రౌండ్‌హాగ్ అయితే దెబ్బ తిని బొరియలో దూరి, రోజుల తరబడి చస్తుంది. ఎలుకలకి బోను పెట్టు. బయట కుందేలుకీ గ్రౌండ్‌హాగ్‌కీ నడిమి సైజు, పాయింట్ టూ టూ. ముందు లైసెన్స్ సంగతి చూడు."

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత పిన్నిగారు చెప్పారు. ఒకసారి ఆయన చిన్న రైఫిల్‌తో దూరాన్నుంచి కుందేల్ని కొడితే, అది కాలీడ్చుకుంటూ పొదల్లోకి పోయిందట. ఆ రోజు రిచ్‌మండ్ హిల్‌లో కూతురి గృహప్రవేశం. అక్కడ ముందుండాల్సిన మనిషి పట్టుపంచెతోనే సాయంత్రం దాకా ముళ్లపొదలు వెతికారు. దొరకలేదు. "తప్పు నాది, బాధ దానిది" అని ఆ రాత్రి అన్నం మానేశారట.

అందుకే నన్ను కాల్చుకు తిన్నారు. పేపర్ ప్లేటు మీద టూనీ, అదే రెండు డాలర్ల బిళ్ల, పెట్టి సున్నా గీసేవారు. గుండ్లన్నీ అందులో పడేదాకా అడుగు వెనక్కి వేసి దూరం పెంచనిచ్చేవారు కాదు. చేతులు లాగి విసుక్కుంటే, "నీ దూరమెంతో నీకు తెలియాలి. దాన్ని దాటితే నీకు తుపాకీ లేదనుకో" అనేవారు. నాకు ఒళ్లు మండేది. అయినా మర్నాడు వెళ్లేదాన్ని.

దినకర్మ అయ్యేసరికి మళ్లీ సగం పాదులు గ్రౌండ్‌హాగ్ పాలయ్యాయి. ఈ ఏటికి వదిలేద్దామన్నాడు మా ఆయన. వదలనన్నాను. మిగిలిన సగమైనా నిలబెట్టాలి, ఆయన నేర్పినట్టే నిలబెట్టాలి. ఒక దెబ్బతో పడదనిపిస్తే మీట నొక్కనని గట్టిగా అనుకున్నాను.

ఆ సాయంత్రం అది వచ్చింది గానీ నా దూరానికి అవతలే ఆగింది. మా ఆయన "కొట్టు, కొట్టు" అని గొణిగాడు. కొట్టలేదు. అది నా కళ్లముందే ఇంకో పాదు తినేసి తాపీగా పోయింది. పళ్లు కొరుక్కుంటూ చూశాను.

మర్నాడు దగ్గరికొచ్చింది. వెనక మట్టిగట్టు, గురి తప్పినా గుండు అందులోనే ఆగుతుంది. అది తల కదపకుండా నిలిపేదాకా ఊపిరి బిగబట్టి కొట్టాను. పడ్డచోట పడింది, గింజుకోలేదు. ఆయన పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

కంచె అవతల పిన్నిగారు వచ్చి నిలబడి ఉన్నారు. రెండో దెబ్బ చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి పెట్టి వింటున్నారు. ఎంతసేపటికీ రాకపోయేసరికి మెల్లగా తలాడించి, డాక్టరు గారి స్వెటర్ చేతులు పైకి మడుచుకుంటూ లోపలికి వెళ్లారు.