మడ్ టైర్లతో ఉత్తరానికి

ఆ బండిని నేను కొన్నది దాని టైర్లు చూసే. కెనడాలోని విన్నిపెగ్‌లో మంచు మొదలైన వారంలో, ఊరి చివర ఒకాయన ఇంటి ముందు అమ్మకానికి కనిపించింది. పాత ఫోర్ వీల్ డ్రైవ్. కంపెనీ టైర్లు తీసేసి, వాటికంటే ఎత్తైనవి, బురదలో తిరగడానికి చేసినవి వేయించాడాయన. లావుపాటి రబ్బరు గడ్డలు, వాటి మధ్య వేళ్ళు దూరేంత సందులు. ఏడాదిగా బస్సు కోసం మంచులో నిలబడి విసిగిపోయిన నాకు అది ఏనుగులా కనిపించింది. పక్కన నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపాను.

ఇండియా నుంచి విద్యార్థులు విమానాలకు విమానాలుగా దిగుతున్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం, బండి ఉన్నది నాకొక్కడికే. ఊళ్ళో కాలేజీకీ, పనికీ తిప్పేవాణ్ణి. పెట్రోలు కాస్త ఎక్కువే తాగుతోందని తెలుసు. ఎంత ఎక్కువో ఎప్పుడూ చూసుకోలేదు.

మా పై వాటాలో వరంగల్ అక్క ఒకామె అద్దెకుండేది. అక్కడ పదేళ్ళు నర్సుగా చేసి, ఇక్కడికొచ్చి మళ్ళీ చదివి, పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుంది. భర్త, కూతురు ఇంకా ఇండియాలోనే ఉన్నారు. ఉత్తరాన, ఎనిమిది గంటల దూరంలో ఉన్న ఒక ఊరి ఆస్పత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున చేరాలి. ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ రావడం, పిల్లను తెచ్చుకోవడం, అన్నీ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి. తుపాను వల్ల శనివారం బస్సు రద్దయింది, ఆదివారం బస్సులో సీటు లేదు. ఆమె మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఎవరినో బతిమాలుకుంటుంటే విని, నేను దింపుతానక్కా అన్నాను. నా బండికి మంచు ఒక లెక్క కాదన్నాను.

ఆదివారం తెల్లవారుజామున ట్యాంకు నింపి బయల్దేరాం. ఆ మోడల్ ఫుల్ ట్యాంకుతో ఎంత దూరం పోతుందో ఇంటర్నెట్‌లో చూసి పెట్టుకున్నాను. ఇళ్ళు పలచబడి, పొలాలు పోయి, రెండు వైపులా సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్లు మొదలయ్యాయి. రోడ్డు మీద పలచగా మంచు ఉంది. ఫోర్ వీల్‌లో పెట్టి, స్పీడోమీటర్ తొంభై దాటకుండా నడిపాను. టైర్ల హోరుకి మాటలు వినబడేవి కావు. అక్క కాసేపటికి నిద్రపోయింది.

బయల్దేరిన మూడు గంటలకు ఒక చిన్న ఊరు వచ్చింది. దాటగానే చాలా దూరం పెట్రోలు దొరకదని బోర్డు పెట్టారు. పెట్రోలు ముల్లు సగానికి కొంచెం పైన ఉంది. బంకులో పెద్ద ట్రక్కులు రెండు నింపుకుంటున్నాయి. చీకటి పడకముందే చేరాలన్నది నా తొందర. నా లెక్క ప్రకారం ముల్లు ఇంకా పైన ఉండాలి. ఆ తేడా గురించి అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు, ఆగలేదు.

గంట గడిచేసరికి ముల్లు పావుకి వచ్చింది. ఎదురుగాలి బండిని వెనక్కి తోస్తున్నట్టుగా ఉంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. వెనక్కి తిరుగుదామంటే అప్పటికే చాలా దూరం వచ్చేశాం. అక్కను లేపి చెప్పాలనుకుని, ఇంకాసేపు చూద్దాం అనుకున్నాను. అలా మూడుసార్లు అనుకున్నాను.

పెట్రోలు అడుగంటిందనే పసుపు లైటు వెలిగింది. పెట్రోలు మిగులుతుందన్న ఆశతో ఫోర్ వీల్ తీసేసి, వెనక చక్రాలు మాత్రమే తోసే టూ వీల్‌లో పెట్టాను. కొద్ది దూరంలోనే, మలుపులో, బండి వెనక భాగం పక్కకి జారింది. చలికి చెక్కలా బిగుసుకున్న ఆ రబ్బరు గడ్డలకు నున్నటి ఐసు మీద పట్టే లేదు. రోడ్డు అంచు దాకా వెళ్ళి, ఎలాగో తిరిగి నిలదొక్కుకున్నాం. అక్క డాష్‌బోర్డు పట్టుకుని లేచి కూర్చుంది. ముందు నా ముఖం చూసింది, తర్వాత లైటు చూసింది.

"ఆ లైట్ ఎప్పటి నుంచి ఉంది తమ్ముడూ?"

"ఇప్పుడే అక్కా."

"పెట్రోల్ తగ్గుతుందని నీకు ఎప్పుడు తెలిసింది?"

నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను.

"తిట్టడానికి అడుగుతలేను. ఎంత దూరం పోగలమో తెల్వాలె, అందుకే."

గంటన్నర అయిందని చెప్పాను. తర్వాతి బంకు ఇంకెంత దూరమని ఆమె అడిగింది. చెప్పాను. అంత దూరం రాదని ఇద్దరికీ అర్థమైంది. అయినంత వరకూ పోదామని నేనన్నాను. ఆగడమంటే తప్పు ఒప్పుకోవడమే అనిపించింది నాకు.

"అయిపోయినంక ఆగితే బండిలో వేడి ఉండదు," అంది ఆమె. "ఉన్నప్పుడే ఆగుదాం."

బయట మైనస్ ముప్ఫై ఉంది. తిన్నని రోడ్డు మీద, దూరం నుంచి కనబడే చోట బండి ఆపాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆమే చెప్పింది. నేను దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేశాను, పొగ లోపలికి రాకుండా. ఎవరికైనా కనబడాలని ఆమె తన ఎర్ర చున్నీ బయటి అద్దానికి కట్టింది. పది నిమిషాలు ఇంజన్ వేయడం, ఇరవై నిమిషాలు ఆపడం. ఆపిన ఐదు నిమిషాలకే కిటికీల లోపలి వైపు మా ఊపిరి గడ్డకట్టేది. సూట్‌కేసు తెరిచి తన చీరలు తీసి నా కాళ్ళకు చుట్టింది. వేళ్ళకు స్పర్శ ఉందా అని మాటిమాటికీ అడిగింది. నిద్ర వస్తే చెప్పమంది. వేరే మాటలేవీ లేవు. సారీ అక్కా అన్నాను. తర్వాత మాట్లాడుకుందామంది.

గంట పైనే గడిచింది. ఒక్క బండి రాలేదు. నాలుగోసారి ఇంజన్ వేస్తే మొదట అందుకోలేదు. ఆ రెండు క్షణాల్లో అక్క కళ్ళు మూసుకోవడం చూశాను. రెండోసారి తిప్పితే అందుకుంది.

అప్పుడొచ్చింది ఒక పికప్. అక్కడి ఆదివాసీ పెద్దాయన, వెనక మంచు మీద నడిపే స్నోమొబైల్ వేసుకుని పోతున్నాడు. దిగి ఏమీ అడగకుండానే స్నోమొబైల్ కోసం తెచ్చుకున్న క్యాను తీసి మా ట్యాంకులో పోశాడు. తర్వాత నా టైర్ల చుట్టూ తిరిగి, ఒకదాన్ని బూటుతో తన్ని చూశాడు. గాలి తక్కువుంది, చలికి ఇంకా తగ్గుతుంది, అదే సగం పెట్రోలు తినేస్తుందన్నాడు. తన కంప్రెసర్‌తో నాలుగింటికీ గాలి కొట్టాడు. ఇంత ఎత్తు చక్రాలు వేస్తే మీటరు తక్కువ చూపిస్తుందని, తొంభై అనుకున్నప్పుడల్లా నేను వంద మీదే పోయి ఉంటానని చెప్పాడు. బరువైన చక్రాలు, ఎదురుగాలి, ఆ వేగం. నా లెక్క తప్పడంలో ఆయనకు వింతేమీ కనబడలేదు. ఇవి మంచివే, కానీ ఈ దారికి కాదన్నాడు. నెమ్మదిగా పొమ్మని, బంకు దాకా మా వెనకే వచ్చాడు. మేం నింపుకోవడం మొదలుపెట్టాక చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

బంకులో కాఫీ కప్పు పట్టుకున్నాక గానీ అక్క ఆ మాట ఎత్తలేదు. అప్పుడు మాట్లాడింది.

"టైర్ల సంగతి నీకు తెల్వదు, సరే. ముల్లు కనబడ్డది కదా. నన్ను లేపితే ఏమైతుండె?"

ఆమె నన్ను ఉత్తమాటల మొనగాణ్ణి అనుకుంటుందని భయపడ్డానని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

ఆమె సోమవారం పొద్దున డ్యూటీలో చేరింది. తిరుగు దారిలో నేను ప్రతి బంకులోనూ ఆగాను. ఆ నెలలోనే మడ్ టైర్లు తీసేసి, కంపెనీ సైజు వింటర్ టైర్లు వేయించాను. బండి చిన్నదైనట్టు అనిపించింది. నింపిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకోవడం అలవాటైంది.

రెండేళ్ళకు ఆమె భర్త, కూతురు వచ్చారు. వాళ్ళను విన్నిపెగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి తన ఊరికి తీసుకురమ్మని అక్క నాకే ఫోన్ చేసింది. దారిలో ఆయన నాకు చాలాసార్లు థాంక్స్ చెప్పాడు. మొదటి ఉద్యోగానికి మా ఆవిడను మీరే దింపారట కదా అన్నాడు. ప్రయాణం ఎలా జరిగిందని తను అక్కను అడిగితే, దారి కొంచెం పొడుగు, అంతే అందట. నేను వేగం తగ్గించాను. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.