శుక్రవారం బిగించిన అద్దం

మొదటిసారి అద్దం పగిలినప్పుడు నేను కారులోనే ఉన్నాను. కొత్తగూడ దాటాక ముందు పోతున్న టిప్పర్ లారీ గుంతలో పడి లేచింది. దాని మీది కంకర జారి, ఒక రాయి ఎగిరొచ్చి నా ముందు అద్దానికి ఠప్పున తగిలింది. తగిలిన చోట గోరంత తెల్లమచ్చ. సాయంత్రం దాకా కారు ఎండలో నిలబడేసరికి ఆ మచ్చ జానెడు గీతయింది. ఆ రోజుల్లో మాదాపూర్ దారంతా అంతే. ఒకపక్క రాతిగుండ్లు పేలుస్తుంటే ఇంకోపక్క ఆ పేల్చిన రాళ్లను మోసుకుపోయేవాళ్లు, నడుమ మాలాంటివాళ్లం కంప్యూటర్ల ముందు కూర్చోవడానికి పరుగెత్తేవాళ్లం.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని లోకమంతా గాభరాపడుతున్న కాలం అది. ఆ గాభరా నాకు ఉద్యోగం ఇచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెల్లో ఎక్కడుందో వెతికి నాలుగంకెలు చేయడం నా పని. ఉండేది హఫీజ్‌పేట్‌లో, అత్తగారింట్లో. మా ఆఫీసు దాకా బస్సు లేదు. ఆటోవాళ్లు కొండాపూర్‌లో ఆపేసి, "ఇగ ముందుకు రాం, వాపస్ సవారీ దొర్కది" అని దింపేసేవాళ్లు. అందుకని అప్పుడే కొత్తగా వచ్చిన ఒక చిన్న కారు కొనుక్కున్నాం. కారుంటే నాకు ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. మా ఆయనకూ నాకూ తెలిసినదానికంటే అత్తమ్మకు ఇంకా బాగా తెలుసని నా అనుమానం.

అత్తమ్మ ఏనాడూ ఉద్యోగం మానెయ్యమని నోరు తెరిచి అనలేదు. అంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. అనకుండా కారు చుట్టూ ఒకసారి తిరిగి, పగిలిన చోట చూపుడువేలు పెట్టి, "కొత్త బండికి అద్దం పల్గుడు మంచిది గాదు బిడ్డా" అని లోపలికి పోయేది. ఆ "బిడ్డా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండేది.

అద్దం మార్పించడానికి బోరబండలో ఒక షెడ్డు దొరికింది. షెడ్డాయన నడివయసు మనిషి, గొంతు పెద్దది, పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. పాతకార్లకు అద్దం చుట్టూ రబ్బరు పట్టీ ఉండేదట. అందులో అద్దాన్ని ఇరికించి చేత్తో రెండు దెబ్బలు వేస్తే పనైపోయేదట. మా కారుకు అట్లా కాదు, చుట్టూ గమ్ము పెట్టి అతికించాలి. మా ఆయన ఫ్యాక్టరీకి వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజు తెల్లవారగానే ఇద్దరం బయల్దేరాం. అత్తమ్మకు కూడా శుక్రవారమే కావాలి.

"శుక్రారం బండి ఇంటికొస్తే లచ్చిమొచ్చినట్టు. పదిన్నరకు రాహుకాలం పడుతది, అంతలోపల ఇంట్ల ఉండాలె" అని చెప్పి పంపింది.

షెడ్డాయన అద్దం పెట్టి, చేతులు తుడుచుకుంటూ ఏదో అన్నాడు. నేను రోడ్డు మీద నిలబడి ఆఫీసుకు ఎంత ఆలస్యమవుతుందో లెక్కేసుకుంటున్నాను. మా ఆయన గడియారం చూసుకుంటూ, "గంత టైం లేదు భాయ్" అనడం వినబడింది. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ నిమ్మకాయలు, హారతి పళ్లెంతో గేటు దగ్గరే ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. పదిన్నర ఇంకా కాలేదు. ముగ్గురికీ తృప్తిగా ఉండింది.

రెండోసారి పగలడం ఎవరూ చూడలేదు. ఒక ఆదివారం పొద్దున వాకిలి ఊడుస్తూ అత్తమ్మే కనిపెట్టింది. నా సీటు వైపు కింది మూల నుంచి గీత బయల్దేరి, వంకర తిరిగి, నడిమి దాకా పోయింది.

"నడిచే బండికి రాయి తగిలిందంటే సరే. నిలబడ్డ బండికి అద్దం పల్గుడేంది?"

మా ఆయన రాయదుర్గం దిక్కు పేలుళ్ల అదురుకు పగిలిందన్నాడు. పక్కింటావిడ దిష్టి అంది. అత్తమ్మ ఆ రోజు అన్నం పెడుతూ మా ఆయన వైపు చూసిన చూపు నాకు అర్థమైంది. మళ్లీ శుక్రవారం, మళ్లీ బోరబండ, మళ్లీ రాహుకాలంతో పరుగు పందెం. ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన తలెత్తకుండా అన్నాడు:

"ఇంకొక్కసారి పల్గిందనుకో, కారు అమ్మేద్దాం. అమ్మ రోజూ ఫికర్ చేస్తుంది. నాకు జర మనశ్శాంతి గావాలె."

"సరే" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, మంటతో అన్నది.

ఆ రోజుతో నా కుదురు పోయింది. పొద్దున లేచీ లేవగానే మొహం కడక్కుండా పోయి అద్దం చూసేదాన్ని. దారిలో రోడ్డు కంటే అద్దాన్నే ఎక్కువ చూసేదాన్ని. ఏసీ వేస్తే పగులుతుందేమోనని వేసేదాన్ని కాదు. కిటికీలు మూసుకుని, దుమ్ము రాకుండా చెమటలో ఉడుకుతూ పోయేదాన్ని. టిప్పర్ కనిపిస్తే చాలు, వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా పక్కకు ఆగి అది కనుమరుగయ్యాకే కదిలేదాన్ని. ఆఫీసులోనూ కాలుగాలిన పిల్లి తీరే. మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతుంటే నేను మెట్లు దిగి కారు దగ్గరికి పోయేదాన్ని. మా మేనేజరు గుంటూరు మనిషి, ఒకరోజు నవ్వుతూ, "కారెక్కడికీ పోదండీ, కాపలావాడున్నాడు కదండీ" అన్నాడు. నేను నవ్వలేదు. నా ఉద్యోగం ఈయన చేతిలో లేదు, కింద ఎండలో నిలబడ్డ గాజు పలక చేతిలో ఉంది అని ఎట్లా చెప్పను?

అంత కాపలా కాసినా మూడోది పగిలింది. ఒక గురువారం సాయంత్రం ఇంటికి వస్తుంటే కొండాపూర్ దగ్గర టిక్కుమని చిన్న చప్పుడు. ముందు లారీ లేదు, రాయి లేదు. కింది మూల నుంచి గీత నా కళ్లముందే పైకి పాకింది. బండి పక్కకు తీసి ఆపి చాలాసేపు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాను. తర్వాత దిగి గీత పొడవునా గోటితో రాసి చూశాను. ఎక్కడా చిన్న గుంట కూడా లేదు, నున్నగా ఉంది. మొదటిసారి రాయి తగిలిన చోట గోరు ఇరుక్కునేది. పోయినసారీ ఇదే మూల. రాయైతే ఎక్కడైనా తగులుతుంది, ఆ మూలనే వెతుక్కుంటూ వచ్చి తగలదు కదా. ఇంటికి పోవాల్సిన బండిని వెనక్కి తిప్పి బోరబండకు పోనిచ్చాను.

షెడ్డాయన గీత చూడగానే తొడ చరిచాడు.

"నేను చెప్పలేదా అమ్మా? రెండుసార్లు చెప్పిన. గమ్ పచ్చిగుంది, రేపటిదాంక బండి ఈడ్నే ఉంచుండ్రి అన్న. సాబ్ గడియారమే చూస్తుండె. పచ్చి గమ్ మీద గుంతల రోడ్ల తీస్కపోతే అద్దం కిందికి జారి రేకు మీద కూసుంటది. ఇగ ప్రతి గుంతకు ఆ మూలనే ఒత్తుకుంటది. ఎన్నొద్దులు ఆగుతది?"

అతని గొంతులో గెలిచినవాడి హుషారు. నాకు మండిపోయింది.

"గట్టిగ ఎందుకు చెప్పలే మరి?"

"గిరాకీ తోని గట్టిగ ఎట్ల చెప్త అమ్మా? పోతనంటే పో అన్న."

దారంతా నాకు ఒకటే ఉడుకు. శుక్రవారం లక్ష్మి కోసం, రాహుకాలం కోసం పచ్చి అద్దాన్ని లాక్కొచ్చాం. అది పగిలితే దిష్టన్నాం. ఆ దిష్టికి నా ఉద్యోగం బలి ఇవ్వబోతున్నాం. చేసేదంతా మనమే చేసి చేతులు దులుపుకున్నట్టుంది. ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు విప్పకుండానే అంతా చెప్పాను. రేపు అద్దం పెట్టించి అక్కడే వదిలేసి, ఎల్లుండి తెస్తానన్నాను.

అత్తమ్మ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "ఎల్లుండి శనివారం! శనివారం ఇనుము ఇంటికి తెస్తరా ఎవలన్న? గుండుసూది గూడ తేరు. గంత పెద్ద ఇనుప డబ్బ తెస్తవా?"

"ఆదివారం తేవచ్చు గద" అన్నాడు మా ఆయన, అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ.

"ఆదివారం షెడ్డు తియ్యరు. సోమవారం నేను ఆఫీసుకు పోవాలె."

"మాట ఇచ్చినవ్ గద నువ్వు. ఇంకోసారి పల్గితే అమ్ముదామంటే సరే అన్నవ్" అన్నాడు మా ఆయన.

"ఇచ్చిన. పల్గింది నా నడుపుడుకు కాదు, మన తొందరకు. ఈ ఒక్కసారి నా ఇష్టప్రకారం తెస్త. ఇది గూడ పల్గితే తాళాలు నేనే తెచ్చి మీ చేతుల పెడ్త."

శనివారం ఒక్కదాన్నే పోయి ఇనుప డబ్బాను ఇంటికి తెచ్చాను. గేటు నేనే తీసుకున్నాను. నిమ్మకాయల్లేవు, హారతి లేదు. లోపల అత్తమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు మాత్రం కావలసినదానికంటే ఎక్కువగా వినబడింది.

ఆ అద్దం నిలిచింది. ఎండాకాలం దాటింది, వానలకు రోడ్డంతా బురదగుంతలై కారు పడవలా ఊగింది, అయినా ఆ మూల నుంచి ఒక్క గీత రాలేదు. నాకు శాంతి రావాలి కదా, రాలేదు. పొద్దున్నే అద్దం చూసుకోవడం మానలేకపోయాను. గెలిచాననే సంతోషం కంటే, గెలుపు ఏ నిమిషాన జారిపోతుందోననే దడే ఎక్కువ. అత్తమ్మ మాత్రం అద్దం ఊసే ఎత్తలేదు. ఆ మౌనం కూడా నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

దసరా ముందు ఒకరోజు రాయదుర్గం మలుపులో ఎర్రజెండా మనిషి ఈల వేసి బళ్లన్నీ ఆపాడు. పేలుడైంది, దుమ్ము లేచింది, జెండా దించాడు. అందరం ఒక్కసారిగా కదిలాం. పక్క నుంచి దూసుకుపోయిన లారీ వెనక చక్రం కింది నుంచి రాయి లేచి సరిగ్గా నా కళ్లకెదురుగా తగిలింది. గోరంత మచ్చ పడింది. సాయంత్రానికి దానికి కాళ్లొచ్చాయి.

ఇంటికి వస్తూ దారి పొడవునా వకీలులా వాదించుకున్నాను. ఇది రాయి దెబ్బ. గమ్ముది తప్పు కాదు. ఇది లెక్కలోకి రాదు. మొదటిసారిది కూడా రాయే కదా. మచ్చ ఉంది, గోరు పెట్టి చూపిస్తాను. ఇట్లా వాదించుకుంటూ గేటు ముందు బండి ఆపేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంత వయసొచ్చిన మనిషిని, నెలంతా కళ్లు పోయేలా పనిచేసి వస్తున్నదాన్ని, నా ఉద్యోగం నాకుండాలని ఒక గాజు ముక్క చేత సాక్ష్యం చెప్పించుకోవాలా?

అత్తమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మా ఆయన లేచి అద్దం చూసి, నావైపు చూశాడు.

"మాట తప్పుతున్న" అన్నాను. "తాళాలియ్య. పల్గితే మారుస్త, మళ్ల పల్గితే మళ్ల మారుస్త. కారు అమ్ముతరా, అమ్ముండ్రి. నడ్సుకుంట పోత. ఉద్యోగం మాత్రం మాన."

మా ఆయన తల్లి వైపు చూశాడు. అత్తమ్మ చేతిలోని కాయను చాటలో పడేసింది.

"నిన్ను మానమన్నదెవరే? ఎన్నడన్న అన్ననా నేను?"

"అనలే. అద్దం మీద వేలు పెట్టి చూపిస్తివి."

"మరేం చెయ్యాలె? రోజూ పగటీలి గా రాయదుర్గం దిక్కు పేలుతది. ఈడికి ఇనొస్తది. నువ్వు గా తొవ్వలనే ఉంటవ్. ఆ సప్పుడింటే నాకు కాళ్లు చేతులు ఆడయి. మల్ల నీ బండి సప్పుడు ఇనేదాంక బుక్క దిగది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "భయమైతుందంటే నవ్వుతవ్ నువ్వు. చదువుకున్నదానివి. అద్దం పల్గింది, మంచిది గాదు అంటే జర ఆగి ఇంటవ్."

నిజం. నవ్వేదాన్ని. శనివారానికి, ఇనుముకు, రాహుకాలానికి, దిష్టికి అన్నిటికీ జవాబులు నూరి పెట్టుకున్నదాన్ని. చిక్కుడుకాయల చాటకు అటుపక్క కూర్చున్నాను. ఆమె ఒక గుప్పెడు కాయలు నా ముందుకు తోసింది. ఇద్దరం ఈనెలు తీశాం.

మర్నాడు పగిలిన అద్దంతోనే ఆఫీసుకు పోయాను. మధ్యాహ్నం రాయదుర్గం దిక్కున పేలుడు వినబడి కిటికీలు గలగలమన్నాయి. ఎవరూ తల కూడా తిప్పలేదు, మాకది రోజూ ఉండేదే. నేను బల్ల మీది ఫోనెత్తి ఇంటికి కలిపాను. రింగు పూర్తిగా మోగనే లేదు, అవతల ఎత్తేశారు.

"ఆఫీసులనే ఉన్న అత్తమ్మా" అన్నాను.

ఆమె గుండెల నిండా తీసుకున్న ఊపిరి ఒకటి వదలడం వినబడింది. "ఊ" అని ఫోను పెట్టేసింది.