తలుపు తీయని పెట్టె

సూదికి ముందు రాసే స్పిరిటు వాసన తగిలితే అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు ధర్మవరం నుంచి హిందూపురం పోయే పాసింజరు గుర్తొస్తుంది. నేను చదివిన హిందూపురం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే గ్రేసమ్మ మేడం రోజూ ఆ రైల్లోనే, శనక్కాయలమ్మే కేకల మధ్య ఇన్సులిన్ వేసుకుని, ఆపైన టిఫిను డబ్బా తెరిచేవారు. నేను పెనుకొండలో ఎక్కేవాణ్ని.

తొంభైల చివర్లో మా నాయనకు షుగరొచ్చింది. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. మా అవ్వ అన్నం పూర్తిగా మాన్పించి రాగిముద్దలు పెంచింది. డాక్టరు ముద్ద పేరెత్తలేదు కాబట్టి చట్టప్రకారం ఆమె తప్పేమీ లేదు. నాయన ఎంత తిన్నా ఎండిపోతున్నాడు. తిన్నదంతా యాడికి పోతాందని వీధిలో నవ్వేసరికి, ముద్ద మూటగట్టుకుని చేనులో ఒంటరిగా తినడం మొదలుపెట్టాడు. కాలి పుండు మానకపోతే ఇన్సులిన్ సూది రాసిచ్చారు. సూదంటే ఇక పాడె కట్టుకోవడమేనని ఆయన మొండికేశాడు. కాలు తీసేయాల్సి వస్తుందన్నా వినలేదు.

నేను రైల్లో సంగతి చెబితే, ఆదివారం ప్రార్థన ముగించుకుని మేడం మా ఇంటికి వచ్చారు. పాఠం చెప్పలేదు. పెట్టెలో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపుకు గడియ వేసుకుని పడుకునే పాసింజరు జనం తెలుసా అని నాయననడిగారు. తెలియకేం, ఆయనా అలా పడుకున్నవాడే. కణానికీ తలుపు దగ్గర ఒక మనిషి ఉంటాడని, పుస్తకంలో వాడి పేరు గ్రాహకమని, ఇన్సులిన్ వచ్చి తడితే వాడు గడియ తీయాలని చెప్పారు. నాయన ఒంట్లో వాడికి చెవి మందగించింది. చక్కెర ప్లాట్‌ఫారం మీదే నిలిచిపోతోంది. బయట తట్టేవాళ్లు పెరిగితే కొన్ని తలుపులైనా తెరుచుకుంటాయి, సూది చేసే పని అదేనన్నారు.

నాయన మేడం వైపు తిరిగాడు.

“అట్లయితే నేను తిండిపోతును కాదామ్మా?”

“కాదన్నా. నీ ఒళ్లు పస్తుండాది.”

అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“ముందు నాది చూడు” అని మేడం తన చేతికి సూది వేసుకున్నారు. నాయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఒక వేలు పోయింది, కాలు నిలిచింది. ఆయన మళ్లీ ఇంట్లో, అందరి ముందూ కూర్చుని తిన్నాడు. కొన్నేళ్లకు మేడం మూత్రపిండాలు చెడి చనిపోయారు. అంత తెలిసిన మనిషని జబ్బు మినహాయింపేమీ ఇవ్వలేదు. ధర్మవరంలో సమాధి దాకా నాయన కుంటుతూనే నడిచాడు.

ఇప్పుడు నేనూ కాలేజీలో ఆ ఇన్సులిన్ పాఠమే చెబుతున్నాను. కణం బొమ్మ గీయకముందు పిల్లలతో ఒక మాటంటాను: ఆకలన్న మనిషిని ఎంత తిన్నావని అడగొద్దు. అది పరీక్షలో వస్తుందా సార్ అని ఎవడో ఒకడు లేస్తాడు. రాదని ఒప్పుకుంటాను.