రాజధాని గుమ్మం ముందు మా గురువుగారి అడుగు

సినిమాలో అది నక్షత్రాల మధ్య ఎక్కడో ఉన్న రాజ్యం. దాని రాజధాని మీదకు ఆకాశం నుంచి ఇనప ఓడలు దిగుతాయి. సైన్యం చచ్చింది, రాజు పారిపోయాడు. కోటగుమ్మం ముందు ఒక్క వీరుడు మిగిలాడు. శత్రువులు చుట్టూ మూగినప్పుడు వాడు ఎడమ మోకాలు నేలకు ఆనించి, కత్తిని వీపు వెనక్కి తిప్పి వెన్ను కాచుకుంటూ, ఉన్నచోటే గిర్రున తిరిగి లేస్తాడు. హాలంతా ఈలలు.

ముఖం ఎవరో కుర్ర హీరోది. ఆ మోకాలు నాది. ఆ అడుగు మా గురువుగారిది.

మాది అమలాపురం. దసరాకు అమ్మవారి వాహనం ఊరేగుతుంటే ముందు మేం కత్తిసాము, కర్రసాము చేస్తూ నడుస్తాం. తాలింఖానా అంటాం దాన్ని. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలుస్తూ, కొట్లో పడున్న పాత పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. కత్తి మాత్రం గురువుగారే నేర్పారు. ఆయనకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు, సెంటు భూమి లేదు. పదిమంది చుట్టుముడితే ఒక్కడు ఎలా నిలబడాలో ఆలోచించి ఆలోచించి ఆ అడుగు కనిపెట్టారు. ఆయన మిగిల్చి పోయింది అదొక్కటే.

మా వీధిలో ఒక కట్టుబాటుంది. నడికట్టు కట్టి కత్తి పట్టినవాడు గురువు పేరు నోటితో అనకూడదు. రాసినా అన్నట్టే. ఇక కత్తి ముట్టనని నడికట్టు విప్పి అమ్మవారి ముందు పెట్టేసినవాడికే ఆ పేరు అనే హక్కు. అలా విప్పినవాళ్ళు అందరూ పోయారు. ఆయన శిష్యుల్లో మిగిలింది నేనే, నేనింకా విప్పలేదు.

సినిమావాళ్ళు మా దసరా వీడియో ఏదో చూసి వెతుక్కుంటూ వచ్చారు. డైరెక్టరు దగ్గర పనిచేసే కుర్రాడు మా అరుగు మీద కూర్చుని బతిమాలాడు. నేను కోరింది ఒక్కటే.

"ఈ అడుగు ఎవరిదో తెర మీద పేరు పడాలి బాబూ. మిగతావి మీ ఇష్టం."

"తప్పకుండా తాతగారూ. పేరు చెప్పండి, ఇప్పుడే రాసుకుంటాను."

"నేననకూడదండి."

"అదేంటండీ?"

"నడికట్టు మీదున్నానండి."

అతను నా నడుం వంక చూశాడు. అక్కడ లుంగీ తప్ప ఏమీ లేదు.

"పోనీ కాగితం మీద రాసివ్వండి."

"రాసినా అన్నట్టేనండి. మా వీధిలో కత్తి పట్టనివాళ్ళను కనుక్కోండి. ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు."

ఒట్టేసినట్టు తల ఊపాడు. నమ్మాను.

ఒక ఫంక్షన్ హాల్లో కెమెరాలు పెట్టారు. నాకు ఒంటికి అతుక్కుపోయే నల్ల చొక్కా, నల్ల లాగు తొడిగి, వాటి మీద తెల్ల ఉండలు అంటించారు. వాటితో నా కదలిక పట్టి తెర మీద హీరో ఒంటికి అతికిస్తారట. మా ఆవిడ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, అమ్మవారు పోసినవాళ్ళలా ఉన్నారు! వేపమండలు తేనా?"

"ఇక్కడ యుద్ధం జరుగుతోందే, నువ్వు నవ్వకు."

"యుద్ధమా? కీళ్ళనొప్పుల మాత్ర వేసుకున్నారా మరి?"

ఎదురుగా ఏమీ లేదు, ఉత్త గోడ. "తాతగారూ, ఆకాశంలోంచి ఊరంత ఓడ మీదకొస్తోంది. వెనక రాజధాని ఉంది. చూస్తున్నట్టు ఉండాలి" అన్నారు. ఓడ నాకు కనబడలేదు. గోదావరి ఏటిగట్టు తన్నుకుని పైకి వస్తున్న రాత్రి కనబడింది. మేం ఇసక బస్తాలు మోస్తుంటే గురువుగారు గట్టు మీద నిలబడి, "వెనక ఊరుందిరా, కాలు వెనక్కి పడకూడదు" అని కేకలేసిన గొంతు వినబడింది. మోకాలు కలుక్కుమంది. అయినా తిరిగి లేచాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. మళ్ళీ చేయమన్నారు. చేశాను.

సినిమా వచ్చిన రోజే వెళ్ళాను. ఆట అయిపోయాక జనమంతా లేచిపోయారు, నేను లేవలేదు. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. కూడబలుక్కుని చదివేవాణ్ణి కదా, ఆ వేగానికి కళ్ళు నీళ్ళు కారాయి. బళ్ళు నడిపినవాళ్ళ పేర్లున్నాయి. భోజనాలు పెట్టినవాళ్ళ పేర్లున్నాయి. హీరోగారి జుట్టు దువ్వినాయన పేరుంది. చివర్లో "కోనసీమ ప్రజలకు కృతజ్ఞతలు" అని వచ్చింది. అంతే.

ప్రజలట! ఆ అడుగు ప్రజలు కనిపెట్టలేదు. ఒక మనిషి కనిపెట్టాడు.

ఆ కుర్రాడికి ఫోన్ చేశాను.

"అడిగానండీ తాతగారూ! మీ వీధిలో ఇంటింటికీ తిరిగాను. ఎవర్నడిగినా 'గురువుగారండి' అన్నారు. పేరేంటండీ అంటే 'గురువుగారేనండి, ఆయ్' అన్నారు. ఉత్త గురువుగారు అని వేస్తే ఏ గురువో ఎవరికి తెలుస్తుందండీ? అందుకని పై వాళ్ళు తీసేశారు."

తిట్టాను. రెండోసారి నా గుమ్మం తొక్కడానికి కాళ్ళు లేవా అని అడిగాను. ఫోన్ పెట్టేశాక వీధిలోకి వెళ్ళి, కర్ర తిప్పడం నేర్చుకుంటున్న కుర్రాళ్ళను అడిగాను. "గురువుగారి పేరు మీకు తెలుసుననుకున్నానే, మీ ఇళ్ళల్లోనైనా ఎవరూ చెప్పలేదా?" వాళ్ళకు నిజంగానే తెలియదు. అనేవాడు లేకపోతే ఎలా తెలుస్తుంది? మేం గౌరవంతో నోరు మూసుకున్నాం, ఆ గౌరవం కిందే ఆయన పూడిపోయారు. సినిమావాళ్ళు పైన ఒక తట్ట మట్టి పోశారు, అంతే తేడా.

ఈ దసరాకు నడికట్టు కట్టాను. వాహనం సెంటరుకు వచ్చేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. నేను మోకాలు ఆనించి తిరిగి లేవగానే ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి పట్టుకుని అరిచాడు.

"తాతగారు సినిమా స్టెప్పు అచ్చం దింపేశారురా! ఎన్నిసార్లు చూసేరండీ?"

చుట్టూ నవ్వులు. ఆ వీరుడు నేలకు మోకాలు ఆనించింది రాజధాని కోసం. నేను కాపలా కాస్తున్నది దేన్నో ఆ క్షణాన నాకే తెలియలేదు.

కత్తి రోడ్డు మీద పెట్టాను. నడికట్టు విప్పి, మడత పెట్టి, అమ్మవారి వాహనం మీద ఉంచాను. మా వీధివాళ్ళు ఆట ఆపేశారు. ఒకడు "వద్దండి, వద్దండి" అని చెయ్యి పట్టుకోబోయాడు. మరి నేను కత్తి ముట్టేది లేదు. ఫోన్ కుర్రాడి దగ్గరకు వెళ్ళి చెప్పాను.

"ఇది సినిమాది కాదు నాయనా. ఈ అడుగు ఎవరిదంటే..." అని ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, బతుకులో మొదటిసారి పైకి అన్నాను.

వెనక డీజే పెట్టెలు గుండెలదిరేలా మోగుతున్నాయి.

"ఆయ్" అన్నాడు కుర్రాడు మర్యాదగా, ఫోన్‌లో తీసిన బొమ్మ ఎలా వచ్చిందో చూసుకుంటూ.